మీరు అడిగారు: సిరిమాను ఎక్కణ్నుంచి చూడాలి?

ప్రశ్న: వయసు మళ్లిన అత్తగారితో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం వస్తున్నాం. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఉన్న రోడ్డులో ఎక్కడ నిలబడితే ఇబ్బంది ఉండదు?
– ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: రెండు కొసలూ వద్దండి. మూడు లాంతర్ల దగ్గరి అమ్మవారి గుడికీ కోటకీ మధ్య సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. అంత పొడుగు చింతమానును మళ్లించేది ఆ కొసల్లోనే కాబట్టి తొక్కిసలాటా అక్కడే. మధ్యలో ఏదైనా సందు మొగ చూసుకోండి, జనం నెట్టితే వెనక్కి జారుకోవచ్చు. మూసిన షట్టరుకు ఆనుకుని మాత్రం నిలబడొద్దు, కదలడానికి చోటుండదు.

విజయదశమి తర్వాతి మంగళవారం మధ్యాహ్నానికే చేరుకోండి. ఆటోవాడికి ఉత్త ‘పైడితల్లి గుడి’ అంటే రైల్వే స్టేషన్ దగ్గరి వనం గుడికి తీసుకెళ్తాడేమో! మీకు కావాల్సింది మూడు లాంతర్ల దగ్గరి చదురు గుడి.

అత్తగారిని ముందునుంచీ నిలబెట్టకండి. ఊరేగింపులో ముందొచ్చే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కనిపించాక లేపితే చాలు. సిరిమాను వాటి వెనకే వస్తుంది. మొదటిసారి సరిగ్గా కనబడకపోయినా తోసుకుని ముందుకెళ్లొద్దు, తిరిగి వస్తుందిగా. భక్తులు మాను మీదికి విసిరే అరటిపళ్లు జనం మీదే పడతాయి. కళ్లజోడు జాగ్రత్త.