టెర్మినల్‌లో నడిచే బ్యాకప్ లైన్ క్రాన్‌లో ఎందుకు ఆగిపోతోంది?

మీ డేటాబేస్ బ్యాకప్ లైన్ టెర్మినల్‌లో చక్కగా నడుస్తోంది, అదే క్రాన్‌ట్యాబ్‌లో (చెప్పిన సమయానికి కమాండ్లను తనంతట తానే నడిపే క్రాన్ ప్రోగ్రామ్ చదివే జాబితాలో) పెడితే ఫైలే రావడం లేదన్నారు కదా. మీ లాజిక్‌లో తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. ఫైలు పేరులో తేదీ కోసం $( ) బ్రాకెట్లలో రాసిన డేట్ కమాండ్‌కు ఇచ్చిన % గుర్తు దగ్గరే చిక్కంతా. క్రాన్‌ట్యాబ్‌లో % అంటే కొత్త లైన్. మొదటి % దగ్గర కమాండ్ తెగిపోతుంది, మిగతాదంతా ఆ కమాండ్‌కు ఇన్‌పుట్‌గా వెళ్తుంది. దాంతో తెరిచిన బ్రాకెట్ మూతపడక షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఎర్రర్ ఇస్తుంది.

ప్రతి % ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోతుంది. నేనైతే ఆ లైన్‌ను విడిగా స్క్రిప్ట్ ఫైలులో రాసి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, క్రాన్‌ట్యాబ్‌లో దాని పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటు పూర్తి చిరునామా) మాత్రమే పెడతాను. స్క్రిప్ట్ లోపల %తో ఈ బెడద ఉండదు.

ఇంకోటి, టూల్స్ ఎక్కడున్నాయో చెప్పే మీ లాగిన్ సెట్టింగులు క్రాన్‌కు తెలియవు. కాబట్టి స్క్రిప్ట్‌లో వాడే టూల్స్‌కు కూడా పూర్తి పాత్ రాయండి. క్రాన్‌ట్యాబ్ లైన్ చివర >> పెట్టి లాగ్ ఫైలు పేరు, ఆపైన 2>&1 చేర్చండి. అప్పుడు అవుట్‌పుట్, ఎర్రర్లు రెండూ ఆ ఫైలులోకి చేరతాయి. లేకపోతే ఎర్రర్లను క్రాన్ మెయిల్‌గా పంపాలని చూస్తుంది; మెయిల్ ఏర్పాటు లేని సర్వర్‌లో అవి ఎవరి కంటా పడవు.

ఫైలు వచ్చాక దాన్ని ఒకసారి టెస్ట్ డేటాబేస్‌లోకి రిస్టోర్ చేసి తప్పకుండా చూడండి.