ఇంటి షెడ్డులో ట్రాక్టర్ పని: ఏది ఆదా, ఏది ఖర్చు?

ప్రశ్న: నా దగ్గర రెండు చిన్న ట్రాక్టర్లు ఉన్నాయి. ఒకటి రోజూ పనిలో ఉంటుంది. పాతదానికి క్లచ్ జారుతుండటంతో పక్కన పెట్టేశాను. మెకానిక్ పని కొంత వచ్చు కాబట్టి ఇంటి వెనుక షెడ్డులో సర్వీసింగ్ నేనే చేసుకుంటాను. ఇటీవల బోనస్‌గా కొంత మొత్తం చేతికి వచ్చింది. దానితో లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం), వెల్డింగ్ మిషన్ కొని, ట్రాక్టర్‌కు ముందువైపు మట్టి, బరువులు ఎత్తే లోడర్ అమర్చుకుని, తర్వాత బయటి పనులు కూడా తీసుకోవాలని ఆలోచిస్తున్నాను. తీర్చవలసిన వ్యక్తిగత రుణం ఇంకా ఉంది. ఈ ఖర్చును పెట్టుబడిగా భావించవచ్చా?

జవాబు: మీరు ఒకే ఖర్చుగా చూస్తున్న దానిలో నిజానికి మూడు వేర్వేరు ఖర్చులు ఉన్నాయి. బండిని మంచి స్థితిలో ఉంచే ఖర్చు తప్పకుండా డబ్బు మిగులుస్తుంది. పనిముట్ల మీద పెట్టేది, వాటిని ఎంత తరచుగా వాడతారన్న దాన్ని బట్టి లాభమో నష్టమో అవుతుంది. మార్పుల మీద పెట్టేది చాలావరకు మీ సౌకర్యం కోసం, సంతోషం కోసం పెట్టే ఖర్చు. అందులో తప్పేమీ లేదు. అయితే దానిని పెట్టుబడి ఖాతాలో రాసుకోవద్దు.

వీటన్నిటికంటే ముందు రుణం సంగతి చూడాలి. దాని మీద ఏడాదికి 14 శాతం వడ్డీ కడుతున్నారనుకుందాం. బోనస్‌లో కొంత దానికి జమ చేస్తే, ఆ జమ చేసిన మొత్తం మీద ఏటా 14 శాతం కచ్చితంగా మిగిలినట్టే. ఏ లేత్ మిషనూ ఇంత నిశ్చయంగా రాబడి ఇవ్వదు. ముందస్తు చెల్లింపుకు రుసుము ఏమైనా ఉందేమో రుణపత్రంలో చూసుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి విడిగా లేకపోతే, బోనస్‌లో ఒక భాగం దానికి పోవాలి. ఆ నిధిని ట్రాక్టర్ విడిభాగాల కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు.

నిర్వహణకు నెలవారీ లెక్క కంటే గంటల లెక్క సరైనది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, టైర్లు, క్లచ్ ప్లేటు ఒక్కొక్కటి ఎన్ని గంటలు మన్నుతాయో యజమాని పుస్తకంలోని సూచనలను, మీ అనుభవాన్ని కలిపి రాసుకుని, ఒక్కోదాని ధరను ఆ గంటలతో భాగించండి. వచ్చిన అంకెలన్నీ కూడితే బండి గంట నడిచినందుకు ఎంత అరిగిందో తెలుస్తుంది. నెలాఖరున ఇంజన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటరు చూసి, నడిచిన గంటలకు తగిన మొత్తాన్ని వేరే ఖాతాలో వేయండి. బ్యాటరీ, రబ్బరు గొట్టాలు బండి నిలిచి ఉన్నా పాతబడతాయి కనుక వాటిని నెలల లెక్కలోనే ఉంచాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత ట్రాక్టర్ల మీద ఉండే మెకానికల్ అవర్ మీటరు ఇంజన్ చుట్లను బట్టి కదులుతుంది. నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే అది గంటకు గంట చూపిస్తుంది, నెమ్మదిగా తిరిగితే తక్కువ చూపిస్తుంది. అందువల్ల పాత బండికి మీటరుతో పాటు ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోవడం మంచిది.

ఇంటి షెడ్డు అసలు విలువ ఎక్కడుందో ఒక చిన్న భాగంలో చూడవచ్చు. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టానికి రెండు చివర్లా క్లిప్పులు ఉంటాయి. వాటిలో ఒకటి వదులైనా, గొట్టానికి సన్నని పగులు వచ్చినా, కొత్త ఫిల్టర్ వేసి ఉన్నా సరే, గాలి ఆ సందులోంచి దుమ్ముతో సహా లోపలికి పోతుంది. ఆ దుమ్ము పిస్టన్ రింగులను, సిలిండర్ బోరును అరగదీస్తుంది. ఆయిల్ తాగడం, పొగ రావడం మొదలయ్యేసరికి ఇంజన్ విప్పక తప్పని స్థితి వచ్చి ఉంటుంది. సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ ఇంజన్ ఆపి, గొట్టం విప్పి, ఫిల్టర్ దాటిన వైపు లోపలి గోడను శుభ్రమైన వేలితో తుడిచి చూడండి. వేలికి దుమ్ము అంటితే ఆ సందు దొరికేదాకా బండిని పనిలోకి దించవద్దు. అతి చవకైన ఒక క్లిప్పు, ఈ బండికి పెట్టవలసి వచ్చే అతి పెద్ద ఖర్చులలో ఒకటైన ఇంజన్ రిపేరును ఆపుతుంది. నా దృష్టిలో మీ షెడ్డు ఇచ్చే అత్యుత్తమ రాబడి ఇదే.

పాత ట్రాక్టర్ విషయంలో కొత్తవి కొనేముందే నిర్ణయం తీసుకోవాలి, ఎందుకంటే మూల పడి ఉన్న బండిలో మీ డబ్బు చిక్కుకుని ఉంది. ముందుగా కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో గాలి ఒత్తిడి సరిగా వస్తోందో చూడటం) చేసి ఇంజన్ బాగుందో లేదో తెలుసుకోండి. తర్వాత, నడిచే స్థితిలో అది ఎంతకు అమ్ముడవుతుందో, ఇప్పుడున్న స్థితిలో ఎంతకు పోతుందో విచారించండి. ఆ రెంటి మధ్య తేడా కంటే రిపేరు ఖర్చు తక్కువగా ఉండి, ఆ బండితో మీకు పని కూడా ఉంటేనే చేయించడం లాభం. క్లచ్ మార్చాలంటే సాధారణంగా ట్రాక్టర్‌ను నడిమికి రెండుగా విడదీయాలి. శ్రమలో ఎక్కువ భాగం అక్కడే ఉంది. కాబట్టి ఒకసారి విడదీశాక క్లచ్ ప్లేటుతో ఆగకుండా ప్రెజర్ ప్లేటును, ఫ్లైవీల్ ముఖాన్ని పరీక్షించి, రిలీజ్ బేరింగును, పైలట్ బేరింగును, క్రాంక్ వెనుక ఆయిల్ సీలును కూడా మార్చేయండి. చవకైన సీలు దగ్గర పొదుపు చేస్తే, అది కారి కొత్త ప్లేటు ఆయిల్‌లో తడిసి, మొత్తం శ్రమ మళ్లీ మొదటికి వస్తుంది.

పనిముట్ల దగ్గర లెక్క సులువే. ఒక యంత్రం ధర, ఆ పనిని బయట చేయిస్తే ఒక్కసారికి అయ్యే ఖర్చుకు 40 రెట్లు ఉందనుకుందాం. ఏడాదికి రెండుసార్లే ఆ పని పడితే, ధర తిరిగి రావడానికి 20 ఏళ్లు పడుతుంది. సొంత ట్రాక్టర్లు రెండే ఉన్నప్పుడు లేత్ దాదాపు ఈ కోవలోకే వస్తుంది. బరువులెత్తే చైన్ బ్లాకు, బలమైన స్టాండ్లు, టార్క్ రెంచి (బోల్టును నిర్ణీత బిగువుకు బిగించే పానా), మంచి పానాల సెట్టు మాత్రం మొదటి పెద్ద రిపేరులోనే చాలావరకు ధర రాబడతాయి. స్టాండ్లు ప్రాణానికి సంబంధించినవి కూడా, ఎందుకంటే జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లకూడదు. వెల్డింగ్ మిషన్ మీకు చేయి తిరిగిన పనైతే కొనండి. డీజిల్ పంపు, నాజిళ్ల సర్దుబాటుకు పరీక్షించే బెంచి కావాలి కనుక వాటిని బయటే చేయించండి.

లోడర్ ధర అంటే లోడర్ ఒక్కదాని ధర కాదు. ముందు ఇరుసు, బేరింగులు, టైర్ల మీద బరువు పెరుగుతుంది, వెనుక తూకానికి బరువు కట్టాలి, ఉన్న హైడ్రాలిక్ పంపు ప్రవాహం చాలకపోతే అదీ మార్చాలి. ఇవన్నీ కలిపి అంచనా వేయండి. అమ్మేటప్పుడు ఇలాంటి మార్పులకు పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి రావడం అరుదు. అందుకే బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేయగలిగే పద్ధతిలోనే అమర్చుకుని, తీసిన అసలు భాగాలను దాచి ఉంచండి. వారంటీ ఉన్న బండి అయితే ముందు షరతులు చదవండి. దేనికోసమైనా సరే, బోల్తా రక్షణ చట్రానికి మాత్రం రంధ్రం చేయవద్దు, వెల్డింగ్ పెట్టవద్దు. దాని బలం తగ్గితే బోల్తా పడినప్పుడు మనిషిని కాపాడలేదు. అలాగే నిమిషానికి 540 చుట్ల పీటీఓ (ఇంజన్ శక్తిని పరికరానికి అందించే షాఫ్ట్) కోసం చేసిన పరికరాన్ని అంతకంటే వేగంగా తిప్పేలా మార్చడం, షాఫ్ట్ తొడుగు తీసేయడం వంటివి ఎంత పని కలిసివస్తుందన్నా ఒప్పుకోదగినవి కావు.

బయటి పనులు తీసుకోవడం పూర్తిగా వేరే నిర్ణయం. మీరు బిగించిన బ్రేకు విఫలమై ఎవరికైనా గాయమైతే బాధ్యత మీ మీదికి రావచ్చు. వ్యాపారంగా నడిచే షెడ్డుకు ఇంటి బీమా వర్తించకపోవచ్చు. మొదటి బండి షెడ్డులోకి రాకముందే బీమా సంస్థకు సంగతి తెలిపి, వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాత ఏడాదిపాటు ఉన్న పనిముట్లతోనే చేయగలిగిన పనులు మాత్రమే తీసుకుని, రాబడిని, మీ గంటలను ప్రత్యేక ఖాతాలో రాయండి. లేత్ లేనందువల్ల వదులుకున్న పనులను కూడా అందులోనే నమోదు చేయండి. ఈలోగా రుణం తీరి, ఆ వదులుకున్న పనుల విలువ లేత్ ధరను మూడు, నాలుగేళ్లలో రాబట్టేలా కనిపిస్తే, అప్పుడు వాడిన లేత్ ఒకటి మంచి స్థితిలో దొరుకుతుందేమో వెతకండి.