బోరు నాదే అయినా లైసెన్సు ఫీజు కట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. సొంత స్థలంలో ఎనిమిది వందల అడుగుల బోరు వేసి, ఆరేళ్లుగా ఇరవై లీటర్ల క్యాన్ల నీళ్ల ప్లాంటు నడుపుతున్నాను. ఇన్నాళ్లూ ఏడాదికి 6,000 రూపాయలు కట్టించుకునేవారు. ఇప్పుడు ‘భూగర్భజల వినియోగ నియంత్రణ, తనిఖీ ఖర్చుల నిమిత్తం’ ఏడాదికి 36,000 కట్టాలని, గత మూడేళ్ల తేడా కూడా కలిపి పదిహేను రోజుల్లో చెల్లించాలని, లేకపోతే తాళం వేస్తామని నోటీసు వచ్చింది. కాలువ నీళ్లు వాడే రైతు తీరువా కడతాడంటే అర్థం ఉంది. నా భూమిలో నీళ్లకు నేనెందుకు కట్టాలి? వాళ్ల జీతాలు నా నెత్తిన వేస్తారా? పక్కన చీనీ తోటలో బోరు రాత్రింబవళ్లు ఆడుతుంది, ఆ రైతును ఎవరూ అడగరేం? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. ‘నా భూమి, నా నీళ్లు’ అన్న వాదనను నమ్ముకుని కోర్టుకు వెళ్లకండి.

ఒకప్పుడు అది గట్టి వాదనే. భూమి కింద ఫలానా పాయ అని తెలియకుండా ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు యజమానికి ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, ఏడో సెక్షన్ కింద ఇచ్చిన ఒక ఉదాహరణలో చెబుతుంది. అప్పట్లో తోడేది ఎద్దులు కట్టిన కపిలతో. పొద్దంతా తోలినా పక్క బావి ఎండేది కాదు. ఇప్పుడు మీ బోరు ఎనిమిది వందల అడుగులు. మీరు స్టార్టర్ నొక్కితే ఎవరి బోరులో గాలి వస్తుందో మీకూ తెలియదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎం.పి. రాంబాబు కేసులో ఈ సంగతే తేల్చింది. లోతైన భూగర్భజలం ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తగా కాపాడవలసిన ఆస్తి, భూమి యజమానికి ఉన్నది వాడుకునే హక్కు మాత్రమే, అదీ ఇరుగుపొరుగుకు నష్టం చేయకుండా అని. 2002లో వాల్టా చట్టం, అంటే జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం వచ్చింది. బోర్ల రిజిస్ట్రేషన్, రిగ్గుల రిజిస్ట్రేషన్, తాగునీటి వనరుల దగ్గర కొత్త బోర్ల మీద ఆంక్షలు దాని కిందివే. కాబట్టి మీ బోరును నియంత్రించే అధికారం ప్రభుత్వానికి ఉందా అన్నది ఇప్పుడు చర్చే కాదు. రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో 17వ అంశంగా నీటిని, 66వ అంశంగా ఆ జాబితాలోని విషయాలకు ఫీజులు వేసే అధికారాన్ని రాష్ట్రానికే ఇచ్చింది.

అయితే నోటీసు వచ్చింది కదా అని 36,000 కట్టేయాలా? అక్కర్లేదు. మీ చేతిలో వేరే వాదన ఉంది. మీరు రాసిన ఉత్తరంలో దాన్ని పట్టించుకోకుండా ఓడిపోయే వాదననే పట్టుకున్నారు.

నీటికి ధర వేరు, నియంత్రణకు ఫీజు వేరు. కాలువ నీళ్లకు కట్టే తీరువా ప్రభుత్వం తెచ్చి ఇచ్చిన నీటికి. మీ నోటీసు అడుగుతున్నది నీటి ధర కాదు. ‘నియంత్రణ, తనిఖీ ఖర్చుల నిమిత్తం’ అని వాళ్లే రాశారు. ఆ ఒక్క వాక్యం మీకు పనికొస్తుంది. ఖర్చు కోసం అన్నాక ఆ ఖర్చు ఎంతో చెప్పాల్సిన బాధ్యత కూడా వాళ్ల మీదే పడుతుంది.

ముందుగా చూడాల్సింది నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారన్నది. ఏదీ రాయలేదంటే సగం కేసు అక్కడే ఉంది. ఫలానా ఫీజు వసూలు చేయవచ్చని చట్టంలో స్పష్టంగా ఉంటేనే ఒక సంస్థ దాన్ని వసూలు చేయగలదు, తనిఖీ చేసే అధికారం ఉంది కాబట్టి ఫీజు అడిగే అధికారమూ ఉన్నట్టే అని ఊహించుకోకూడదు అని సుప్రీంకోర్టు 1992లో అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో చెప్పింది. ఇంకో సంగతి. ఇన్నాళ్లూ కట్టిన 6,000 రసీదులు తీసి చూడండి. అవి పంచాయతీ వ్యాపార లైసెన్సు రసీదులైతే, దానికీ భూగర్భజల నియంత్రణకూ సంబంధం లేదు. అప్పుడు ఇది ‘పెంపు’ కాదు, పూర్తిగా కొత్త ఫీజు. పాతదాన్ని పెంచామని చెప్పి కొత్తది మోపడం నేను చాలాసార్లు చూశాను. ఎక్కువమంది రసీదు మీద హెడ్డింగు చదవరు.

అధికారం ఉందని తేలిందే అనుకుందాం. అప్పుడు మిగిలేది ఫీజు ఎంత ఉండాలన్న సంగతి. పన్నుకూ ఫీజుకూ తేడాను 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు విడమరిచింది. పన్ను ఖజానాకు పోతుంది, ప్రభుత్వం దేనికైనా వాడుకుంటుంది. ఫీజు అలా కాదు, ఏ పనికి వసూలు చేస్తారో ఆ పనితో సంబంధం ఉండాలి. తర్వాత కోర్టులు కొంత మెత్తబడ్డాయి. మన రాష్ట్ర మార్కెట్ ఫీజును రెట్టింపు చేసినప్పుడు వ్యాపారులు వేసిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, పైసాకు పైసా లెక్క కుదరనక్కర్లేదు, స్థూలంగా పొంతన ఉంటే చాలు అని 1983లో తీర్పు వచ్చింది. 1999లో సికింద్రాబాద్, హైదరాబాద్ హోటళ్ల యజమానుల కేసు మీకు ఇంకా దగ్గరిది. నియంత్రణ కోసం వేసే లైసెన్సు ఫీజుకు బదులుగా మీకు సేవ ఏదీ చేయనక్కర్లేదు, కానీ ఆ ఫీజు మితిమీరి ఉండకూడదు అన్నారు. అంటే ‘నాకేం చేశారని కట్టాలి’ అని అడిగితే జడ్జిగారు వినరు. ‘మీకు అయ్యే ఖర్చు ఎంత, నా దగ్గర తీసుకునేది ఎంత’ అని అడిగితే వింటారు.

జీతాల సంగతి అడిగారు. తనిఖీకి వచ్చే మనిషి జీతంలో ఆ పనికి పోయే భాగం, జీపు డీజిలు, నీటిమట్టం కొలిచే పీజోమీటర్ల నిర్వహణ, దరఖాస్తులు చూసే గుమాస్తా ఇవన్నీ న్యాయమైన ఖర్చులే. వీధిదీపాలు, రోడ్డు మరమ్మతు, కార్యాలయానికి సున్నాలు మాత్రం ఇందులోకి రావు. ఇంగ్లండులో పద్ధతి ఇదే, కాకపోతే అక్కడ లెక్క బయట పెడతారు. నదుల నుంచీ భూమిలో నుంచీ రోజుకు 20 ఘనపు మీటర్లు దాటి తోడేవారు సాధారణంగా లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సుల చార్జీలతోనే అక్కడి పర్యావరణ సంస్థ ఆ నియంత్రణ పని నడుపుతుంది. 2022 ఏప్రిల్ నుంచి కొత్త చార్జీల పద్ధతి తెచ్చినప్పుడు ముందు ముసాయిదా పెట్టి, అభిప్రాయాలు అడిగి మరీ తెచ్చారు. మన దగ్గర పదిహేను రోజుల నోటీసు.

అన్నట్టు, ఆ 20 ఘనపు మీటర్ల లెక్క మీకు వేసి చూడండి. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. రోజుకు ఐదు వందల క్యాన్లు అమ్మితే పది వేల లీటర్లు. ఆర్వో మిషన్ అంతకు మించి వేస్టు నీటిని వంకలోకి వదులుతుంటే, మీరు నిజంగా తోడేది ఇరవై వేలు దాటుతుంది. ఫీజు తోడిన నీటిని బట్టి వేస్తే, అమ్మిన క్యాన్లు కాదు, బోరు మీటరే లెక్క. మీటరు లేకపోతే ఈ వారమే పెట్టించుకోండి. మీకంటే పదింతలు తోడే ఫ్యాక్టరీకీ మీకూ ఒకటే 36,000 వేశారని తేలితే, అసమానులను సమానంగా చూడటం రాజ్యాంగంలో సమానత్వ హక్కు ఇచ్చే 14వ అధికరణానికి విరుద్ధమని వాదించవచ్చు. ఆ వాదనకు అంకెలు కావాలి, అంకెలకు మీటరు కావాలి.

చీనీ తోట రైతు సంగతి వదిలేయండి. వ్యవసాయాన్ని వ్యాపారం నుంచి వేరు చేసి చూడటం కోర్టులు ఒప్పుకునే వర్గీకరణే. 2020 సెప్టెంబరులో కేంద్ర భూగర్భజల అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వ్యవసాయానికి మినహాయింపు ఉంది. రోజుకు పది ఘనపు మీటర్లలోపు తోడే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకూ ఉంది, కానీ రోజుకు ఐదు వందల క్యాన్లు అమ్ముతుంటే మీరు ఆ గీత దాటినట్టే. ఆ రైతు పేరు పిటిషన్‌లో రాస్తే ఊళ్లో పగ తప్ప ఇంకేం రాదు.

మూడేళ్ల బకాయి మాత్రం నాకు అసలు మింగుడుపడలేదు. వెనకటి తేదీ నుంచి వసూలు చేయవచ్చని అసలు చట్టంలోనే అధికారం ఇస్తే తప్ప, నిబంధనలతోనో ఉత్తర్వుతోనో పాత కాలానికి ఫీజు వేయడం చెల్లదు. ఈ భాగం మీరు గట్టిగా గెలిచేది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. పదిహేను రోజుల గడువు దాటనివ్వకుండా రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అధికారం ఏ సెక్షన్ కింద ఉందో, గెజిట్ ప్రచురణ ఏదో, 36,000 ఎలా లెక్కగట్టారో అడగండి. వ్యక్తిగతంగా విచారణ కోరండి, అంతవరకు తాళం వేయవద్దని రాయండి. అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయమైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. ఈ ఫీజు కింద గత ఏడాది ఎంత వచ్చింది, ఎంత దేనికి ఖర్చయింది, ఎన్ని తనిఖీలు చేశారు అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ ప్లాంటుకు ఆరేళ్లలో ఎవరూ తనిఖీకే రాలేదని వాళ్ల కాగితమే చెబితే అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. వాల్టా కింద మీ బోరు రిజిస్టరు కాకపోతే ముందు ఆ పని పూర్తి చేయండి. సొంత కాగితం లేనివాడు ఎదుటివాడి కాగితం అడిగితే నవ్వుతారు.

తాళం వేస్తామని నిజంగానే బయల్దేరితే హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేసి స్టే అడగాలి. సగం డబ్బు కట్టమని షరతు పెట్టవచ్చు, దానికి సిద్ధపడండి. గడువు మించిపోయి కట్టక తప్పకపోతే, ‘నా అభ్యంతరానికి లోబడి కడుతున్నాను’ అని చలానా మీదా, లేఖలోనూ రాసి కట్టండి. ఇంకొక్క జాగ్రత్త. ఫీజు పెరిగిందని చెప్పి క్యాను మీద ఐదు రూపాయలు పెంచకండి. భారాన్ని కొనేవాళ్ల మీద వేసినవాడు ఆ డబ్బు తిరిగి అడగలేడని 1996లో మఫత్‌లాల్ కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం తీర్పు ఉంది. పాత ధరకే అమ్మినట్టు బిల్లు పుస్తకం చూపించగలిగేలా ఉంచుకోండి.