పోలండ్‌లో చెల్లిన సోఫాను ఐర్లాండ్ వద్దనవచ్చా?

ప్రశ్న: పోలండ్‌లో మాకు చిన్న సోఫాల తయారీ యూనిట్ ఉంది. మూడేళ్లుగా ఇక్కడే అమ్ముతున్నాం, ఎప్పుడూ ఏ అభ్యంతరమూ రాలేదు. ఇప్పుడు ఐర్లాండ్ నుంచి ఆర్డరు వచ్చింది. అక్కడి డీలరేమో ‘మా దేశపు అగ్ని భద్రతా నిబంధనల ప్రకారం పరీక్ష చేయించిన కాగితం లేకపోతే తీసుకోను’ అంటున్నారు. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశంలో చెల్లిన సరుకు మిగతా దేశాల్లోనూ చెల్లాలట కదా! డీలరుపై కేసు వేయవచ్చా?

జవాబు: వేయలేరు. మీరు విన్న ‘పరస్పర గుర్తింపు’ సూత్రం కట్టడి చేసేది ప్రభుత్వాలను. ఏ సరుకు కొనాలో, ఏ కాగితం అడగాలో డీలరు ఇష్టం. పైగా ఐర్లాండ్‌లో ఇళ్లలో వాడే సోఫాల అగ్ని భద్రతకు 1995 నాటి ప్రత్యేక ఉత్తర్వు ఉంది. దాన్ని మీరితే ముందు ఇబ్బంది పడేది ఆయనే. ఆయన భయంలో న్యాయం ఉంది.

ఇక ప్రభుత్వం సంగతి. 1979లో యూరోపియన్ న్యాయస్థానం ‘కాసిస్ ద డిజాన్’ తీర్పు ఇచ్చింది. పండ్ల మద్యంలో కనీసం 25 శాతం ఆల్కహాల్ ఉండాలన్న జర్మనీ, అంతకంటే తేలికైన ఫ్రెంచి మద్యాన్ని ఆపింది. ఫ్రాన్స్‌లో చట్టబద్ధంగా అమ్ముతున్నదాన్ని బలమైన కారణం లేకుండా ఆపకూడదని కోర్టు తేల్చింది. (తక్కువ ఆల్కహాల్ ఆరోగ్యానికి ప్రమాదమని కూడా జర్మనీ వాదించింది మరి!) మూడేళ్ల తర్వాత, మార్గరిన్‌ను ఘనాకారపు ప్యాకెట్లలోనే అమ్మాలన్న బెల్జియం నిబంధన కూడా ఇలాగే ఓడిపోయింది.

అయితే మీ సోఫా వ్యవహారం అంత తేలిక కాదు. మనుషుల ప్రాణరక్షణ కోసం సరుకును అడ్డుకోవచ్చని యూనియన్ ఒప్పందంలోని 36వ అధికరణమే చెబుతోంది. మంటల భద్రత సరిగ్గా దాని కిందికే వస్తుంది. కాబట్టి ‘పోలండ్‌లో అమ్ముతున్నాం’ అన్న ఒక్క మాటతో గెలవలేరు. పోలండ్‌లో చేయించిన పరీక్షలు అంతే రక్షణ ఇస్తున్నాయని చూపగలిగితేనే కేసులో బలం ఉంటుంది. అసలు పరీక్షలే చేయించకపోతే వాదన మానేసి ఐర్లాండ్ కొలతకు తగ్గట్టు తయారు చేయడమే చౌక అని నా అభిప్రాయం.

పరీక్షలు ఉంటే 2020 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ 2019/515 నిబంధన మీకు పనికొస్తుంది. సరుకు పోలండ్‌లో చట్టబద్ధంగా అమ్ముడవుతోందని మీరే ఒక ప్రకటన రాసివ్వవచ్చు, అవసరమైతే ఆ దేశ భాషలోకి అనువదించి. దానికి తగిన ఆధారాలు జతచేస్తే అధికారులు అంతకుమించి కాగితాలు అడగకూడదు. వినియోగదారులకు అమ్మిన బిల్లులు ఇక్కడ ప్రాణం. కేవలం ఎగుమతికే చేసిన సరుకు ఈ లెక్కలోకి రాదు. ప్రకటన ఇవ్వకపోతే, అధికారులు అడిగిన కాగితాలకు కనీసం 15 పనిదినాల గడువు ఇవ్వాలి. పరిశీలన జరుగుతుండగా అమ్మకం సాగించవచ్చు. తీవ్ర ప్రమాదం ఉందనుకుంటే మాత్రం తాత్కాలికంగా ఆపగలరు.

సరుకు వద్దంటే అధికారులు కారణాలతో రాతపూర్వకంగా చెప్పాలి, ఎక్కడ అప్పీలు చేయాలో కూడా తెలపాలి. యూనియన్ నిబంధనలను ఒక దేశపు అధికారులు సరిగా పాటించనప్పుడు కోర్టుకు వెళ్లకుండా పరిష్కారం వెతికే ‘సాల్విట్’ అనే ఖర్చు లేని సేవను ఆశ్రయించవచ్చు. కానీ అక్కడ అర్జీ పెట్టినంత మాత్రాన కోర్టు గడువు ఆగదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు, గడువు తేదీని వేరుగా రాసిపెట్టుకోండి.

సరుకు పంపకముందే ఐర్లాండ్‌లోని ‘ప్రాడక్ట్ కాంటాక్ట్ పాయింట్’కు (సరుకుల నిబంధనలపై సమాచారమిచ్చే ప్రభుత్వ విభాగం) రాయండి. ఏ నిబంధన వర్తిస్తుందో 15 పనిదినాల్లో ఉచితంగా చెప్పాలి. ఆ జవాబు డీలరుకు చూపండి. అప్పటివరకు ఆర్డరుపై సంతకం పెట్టకండి, పెట్టాల్సి వస్తే అనుమతి రాకపోతే రద్దు చేసుకునే షరతు రాయించుకోండి.