ఆకుపచ్చ ఊరేగింపులో నడవబోయే అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బోస్టన్ చేరి ఏడాదైనా తిరగకముందే మీ తెలుగు సంఘం వారు మార్చి 17న వచ్చే ఐరిష్ పండుగ సెయింట్ పాట్రిక్స్ డే ఊరేగింపులో నడిచే జట్టు బాధ్యత నీకు అప్పగించారనీ, ఐర్లండ్ మొహం కూడా చూడనివాళ్లు ఇక్కడ ఇంత హడావిడి ఎందుకు చేస్తారనీ, అందులో మనకేం పని అనీ అల్లుడుగారు అడిగితే జవాబు తోచలేదనీ రాశావు. ముప్పై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటూ ఈ పండుగను దగ్గర నుంచి చూస్తున్నవాణ్ణి గనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

నేను మొదటిసారి న్యూయార్క్ ఐదో అవెన్యూలో ఈ ఊరేగింపు చూసినప్పుడు ఆకుపచ్చ టోపీలు, సంచిగొట్టం వాద్యాలు చూసి ఇదంతా తాగి తిరగడానికి ఒక వంక అనుకున్నాను. ఇంతలో ఐర్లండ్‌లోని మేయో కౌంటీ వారి జెండా వచ్చింది. దాన్ని మోస్తున్న పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. కర్ర మొదలు నడుముకు కట్టుకున్న తోలుపట్టీలోని గూట్లో దిగేసి ఉంది. ఎదురుగాలికి గుడ్డ తెరచాపలా ఉబ్బి ఆయన్ని వెనక్కి నెడుతుంటే, పక్కనున్న మనవడు రెండు చేతులతో తాడు లాగిపట్టుకున్నాడు. ఊరేగింపు కాసేపు ఆగినప్పుడు, మీరు మేయో నుంచి ఎప్పుడొచ్చారని అడిగాను. తాను ఎన్నడూ వెళ్లలేదనీ, ఓడ ఎక్కింది తన నాయనమ్మ అనీ చెప్పి మళ్లీ కదిలాడు. అప్పటినుంచి నేను టోపీలు చూడటం మానేసి జెండాల మీది ఊర్ల పేర్లు చదవడం మొదలుపెట్టాను. నువ్వూ పిల్లల చేత అదే చేయించు.

అల్లుడుగారి ప్రశ్నకు జవాబు ఆ నాయనమ్మల ఓడల్లోనే ఉంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన కరువులో ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోయారు. దాదాపు అంతమందే దేశం విడిచిపోయారు. ఆ రోజుల్లో కూడా అక్కడి రేవుల నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. మన రాయలసీమలో ధాత కరువు కథలు విన్నవాళ్లకు ఇది వేరే విడమరిచి చెప్పనక్కరలేదు, ఏలిన దొరలూ వాళ్లే. అలా ఎముకల గూళ్లుగా బోస్టన్‌లో దిగినవాళ్లను ఈ ఊరేమీ ఎదురేగి పిలవలేదు. అంతకు ముందే, 1834లో, బోస్టన్ పక్కనే ఉన్న చార్ల్స్‌టౌన్‌లోని కాథలిక్ సన్యాసినుల మఠాన్ని ఒక గుంపు తగలబెట్టింది. 1850లలో వలసదారులకూ, కాథలిక్కులకూ వ్యతిరేకమైన నో నథింగ్ పార్టీ మీ మసాచుసెట్స్ రాష్ట్రంలోనే అధికారం చేపట్టింది. పనికి ఐరిష్ వాళ్లు రానక్కరలేదని ప్రకటనలు వేసేవారు. అలాంటి చోట ఏడాదికొకసారి బాజాలతో నడివీధిలోకి వచ్చి నడవడమంటే మేము ఇంతమందిమి ఉన్నాం, మా ఓట్లు ఇన్ని ఉన్నాయి అని లెక్క అప్పజెప్పడమే. ముత్తాత ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ నుంచి బోస్టన్‌కు వచ్చిన జాన్ కెనడీ 1960లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యేదాకా ఆ లెక్క సాగుతూనే వచ్చింది.

ఇంకొక తమాషా ఉంది. న్యూయార్క్‌లో 1762 నుంచే ఊరేగింపు జరుగుతుండగా, ఐర్లండ్‌లో ఇది చాలాకాలం చర్చికి వెళ్లివచ్చే రోజుగానే ఉండిపోయింది. ప్రభుత్వ సెలవు 1903లో వచ్చింది. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఆ రోజున పబ్బులు మూసే ఉంచేవారు. డబ్లిన్‌లో ఇప్పుడు మనం టీవీలో చూసే పెద్ద ఉత్సవం 1996లో మొదలైంది. సారె పుట్టింటి నుంచి రావడం మనం ఎరుగుదుం. ఇక్కడ మాత్రం దూరదేశం వెళ్లిన ఆడపడుచే పుట్టింటికి సారె పంపింది.

ఇక నువ్వు చేయవలసినవి. జట్టుకు ఆకుపచ్చ ప్లాస్టిక్ టోపీలు, అతికించుకునే ఎర్రగడ్డాలు కొనవద్దు. అవి ఒకప్పుడు వాళ్లను ఎగతాళి చేసిన వ్యంగ్య చిత్రాలకు చుట్టాలే. మన పంచెలు, చీరలతోనే నడిచి, పైన ఒక ఆకుపచ్చ కండువా వేసుకుంటే చాలు. చేతి అట్టల మీద నాలుగు ఆకుల గుర్తు వేయించకు. ఐర్లండ్‌లో క్రైస్తవం బోధించిన పాట్రిక్ చేతిలో ఉన్నది మూడు ఆకుల షామ్‌రాక్ అనే చిన్న మొక్క. ఒకే తొడిమకు మూడు ఆకులున్నట్టే దేవుడు ఒక్కడే అయినా మూడు రూపాలని ఆయన బోధించాడన్నది ఐతిహ్యం. మన పిల్లలకు మారేడు దళం చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది. పాటీస్ డే అని రాయిస్తే ఐరిష్ వాళ్లు నొచ్చుకుంటారు, పాడీస్ డే అనాలి.

మనమెందుకు అన్నదానికి జట్టు ముందు రెండు బొమ్మలు పట్టించు. ఒకటి వరాహగిరి వెంకటగిరిది. బరంపురంలో పుట్టిన ఆయన 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి స్వాతంత్ర్య వీరులతో కలిసి తిరిగి, బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. ఆయనే 1969లో మన రాష్ట్రపతి అయ్యారు. రెండోది మదనపల్లె బీసెంట్ కళాశాలది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిన ఆయన భార్య మార్గరెట్ కూడా ఐర్లండ్ ఆడబిడ్డే. ఈ రెండు బొమ్మలూ ఉంటే మీరు పిలవని పేరంటానికి వెళ్లినట్టు ఉండదు.

అంతా మెచ్చుకోవలసిందే అని నేననను. ఒకప్పుడు గడప బయట నిలబడిన ఈ సమాజపు ఊరేగింపే, స్వలింగ ప్రేమికుల సంఘాలు తమ జెండాతో నడవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1995లో గెలిచింది. బోస్టన్‌లో వాళ్లకు దారి తెరుచుకునేసరికి 2015 వచ్చింది. మన సంఘంలో ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక అన్న పేచీ తప్పకుండా వస్తుంది, అప్పుడు ఈ సంగతి గుర్తుచేయి. అలాగే 1737లో ఇదే బోస్టన్‌లో, ఇదే రోజున, చితికిపోయిన తోటి ఐరిష్ వారిని ఆదుకోవడానికి చారిటబుల్ ఐరిష్ సొసైటీ పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. మీరూ ఊరేగింపు ఖర్చులో కొంత తగ్గించి, ఉద్యోగం పోయి ఇబ్బంది పడుతున్న మన పిల్లల కోసం ఒక నిధి మొదలుపెట్టండి.

పిల్లలను ముందురోజు డౌన్‌టౌన్‌లో వాషింగ్టన్, స్కూల్ వీధుల మూలన ఉన్న కరువు స్మారకానికి తీసుకెళ్లు. అక్కడ రెండు కుటుంబాల విగ్రహాలున్నాయి, ఒకటి ఆకలితో కుప్పకూలినది, ఒకటి కోలుకుని నడిచిపోతున్నది. సెలవు పేరు ఎవాక్యుయేషన్ డే అని ఉందేమిటని పెద్దవాడు అడుగుతాడు. 1776 మార్చి 17న, సౌత్ బోస్టన్‌లోని డార్చెస్టర్ హైట్స్ గుట్ట మీదికి అమెరికన్ సేనాని జార్జ్ వాషింగ్టన్ ఫిరంగులు ఎక్కించాక, బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేసిన రోజది. బోస్టన్ ఉన్న సఫోక్ కౌంటీలో ఐరిష్ వాళ్లకు ఆ తేదీ బాగా కలిసివచ్చింది.

భోజనం విషయంలో నాకు జరిగింది నీకు జరగకూడదు. మా ఆఫీసు విందులో కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరవేసిన గొడ్డుమాంసం) పక్కకు నెట్టి, క్యాబేజీ, బంగాళాదుంపలు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాక, మూడూ ఒకే కుండలో ఉడికిస్తారని తెలిసింది. మీ మీనాక్షి పెద్దమ్మకు ఈనాటికీ చెప్పలేదు. నువ్వు సోడా బ్రెడ్, వెన్నతో సరిపెట్టుకో.

ఊరేగింపు ఆదివారం. కారు ముట్టుకోకుండా రెడ్ లైన్ మెట్రో రైల్లో పొద్దున్నే వెళ్లండి. పొద్దెక్కే కొద్దీ తాగినవాళ్ల గుంపులు పెరుగుతాయి, నడక ముగియగానే పిల్లలతో వెనక్కి తిరగండి. మార్చి గాలిని నమ్మవద్దు, చీరల కింద థర్మల్స్ వేసుకోమని అందరికీ చెప్పు. జెండా మోసేవాళ్లకు తోలుపట్టీ ఇప్పుడే ఆర్డర్ చేయి.

ఇట్లు,
మీ పెదనాన్న