హెడ్డు మార్చొద్దు తమ్ముడూ, బుష్ వేయించు

కర్నూలు తమ్ముడి సందేహం: డాలస్‌లో పాత ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్ కొన్నాను. స్పార్క్ ప్లగ్గులు మారుస్తుంటే ఒకదాని బోరులో, అంటే ప్లగ్ దూరే రంధ్రంలో, త్రెడ్లు (మరలు) ఊడొచ్చేశాయి. షాపువాళ్ళు హెడ్డు, అంటే సిలిండర్ల పైనుండే మూత, మొత్తం మార్చాలంటున్నారు. నంద్యాల రోడ్డులో లేత్ షాపు నడిపే మా నాన్న ఆ రంధ్రంలో బుష్, అంటే కొత్త మరలున్న గొట్టం, వేస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలన్నా?

నాన్న మాటే విను. త్రెడ్డు పోయిన బోరు లేత్ పనివాళ్ళకి కొత్త కాదు. మన దగ్గర బైకుకి ఇలా అయితే హెడ్డు దించి, బోరు పెద్దది చేసి, బుష్ కొట్టి ఇచ్చేస్తారు. అమెరికాలోనూ అదే పని. హెడ్డు దించకుండా బండి మీదే చేసే కిట్లు ఉన్నాయి, అంతే తేడా.

మన లారీలు డీజిల్, వాటికి ప్లగ్గే ఉండదు. అక్కడ ట్రక్ అంటే చాలావరకు పెట్రోల్ పికప్. 1997 మోడల్ నుంచి వచ్చిన 5.4 లీటర్ల ట్రైటన్ ఇంజన్ ఉంది చూడు, సిలిండరుకి రెండు వాల్వుల రకం, దాని హెడ్డు అల్యూమినియం. ప్లగ్‌ని పట్టుకునే త్రెడ్లు నాలుగంటే నాలుగే. ప్లగ్ కాస్త వదులైతే చాలు, లోపలి ఒత్తిడి దాన్ని తుపాకీ గుండులా బయటికి తన్నేస్తుంది, ప్లగ్‌కి కరెంటిచ్చే పైనున్న కాయిల్ కూడా పోతుంది. తర్వాతి హెడ్లలో త్రెడ్లు పెంచారు. 2004 నుంచి 2008 దాకా వచ్చిన మూడు వాల్వుల ఇంజన్‌ది ఇంకో రోగం, ప్లగ్ లోపలే విరిగి ఇరుక్కుంటుంది. కొనకముందు ఎవరినైనా ఒక మాట అడిగుంటే తెలిసేది. మీ కుర్రాళ్ళు ఫోన్లో బండి రంగు చూసి కొనేస్తారు.

నేను అనంతపురం నుంచి హ్యూస్టన్ చేరిన కొత్తలో ఇలాంటి బండే కొన్నాను. ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. ప్లగ్గులు మార్చడానికి షాపువాడు చెప్పిన కూలి విని, ఆ దుడ్డుతో ఊళ్ళో అమ్మకి నెల సరుకులొస్తాయని లెక్కేసి, నేనే పానా పట్టాను. రోడ్డు మీద నుంచి వచ్చి ఇంజన్ చల్లారక ముందే విప్పాను. వేడి మీద విప్పితే అల్యూమినియం త్రెడ్లు దెబ్బతింటాయి. కొత్త ప్లగ్గులేమో బలం కొద్దీ బిగించాను. మామ షెడ్డులో లారీ నట్లతో వచ్చిన అలవాటు. ఎంత బిగించామో కొలిచి చెప్పే టార్క్ రెంచ్ కొనడం దండగనుకున్నాను. విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కడితే పనిముట్లు ఇస్తారు, తిరిగిచ్చేస్తే డిపాజిట్ వెనక్కొస్తుంది. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు, నీకు నేను చెప్తున్నా.

త్రెడ్డు పోయాక కూడా పిసినారితనం పోలేదు. చవకని తీగచుట్ట కిట్ (బోరులో స్ప్రింగులాంటి తీగ చుట్టి త్రెడ్లు చేసేది) తెచ్చి వేశాను. మామూలు బోల్టుకైతే అది బాగానే ఆగుతుంది. ప్లగ్ బోరులో మాత్రం నమ్మలేం, ప్లగ్ విప్పితే దాంతోపాటే తిరిగి బయటికొచ్చేయగలదు. నాది ఫ్రీవే మీద ఢామ్మని ఎగిరింది. బండి లాక్కెళ్ళినందుకు ఛార్జీ, కొత్త కాయిల్, పోయిన జీతం అన్నీ కలిపితే మొదట షాపువాడు అడిగిన కూలికి ఎన్నో రెట్లు. ఆ నెల ఇంటికి దుడ్డు పంపలేదు. బ్యాంకు పని చెయ్యట్లేదని నాన్నకి చెప్పాను. పైగా రాత్రిళ్ళు ఆ లెక్కే తిరిగేది బుర్రలో.

చివరికి ఇంటికొచ్చి చేసే ఒక మెక్సికో పెద్దాయన గట్టి బుష్ వేశాడు. టైమ్‌సర్ట్ అని అడిగితే అందరికీ తెలుస్తుంది. లోపలా బయటా త్రెడ్లున్న గొట్టం, పైన చిన్న అంచు. అడుగున కొన్ని త్రెడ్లు పూర్తిగా కోసి ఉండవు. బిగించే పనిముట్టు లోపలికి దిగుతూ ఆ భాగాన్ని వెడల్పు చేసి హెడ్డుకి పట్టిస్తుంది, ఇక ప్లగ్ విప్పినా బుష్ కదలదు. త్రెడ్లు కోసే ట్యాప్ గాడుల్లో గ్రీజు దట్టించి, కొంచెం కోసి, బయటికి తీసి తుడిచి, మళ్ళీ కోశాడాయన. అల్యూమినియం పొట్టు సిలిండర్లో పడకూడదు కదా. చివర్లో సన్న గొట్టంతో వాక్యూమ్ పెట్టి లాగాడు. పక్కనే టార్చ్ పట్టుకుని అంతా నేర్చుకున్నాను. ఆ బండి తర్వాత ఏళ్ళ తరబడి తిరిగింది, అమ్మితే మంచి ధరే వచ్చింది.

కిట్ కొని నువ్వే చేద్దామనుకోకు. ఖరీదు వందల డాలర్లు, ఒక్క బోరుకి గిట్టదు. వెనక ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పక్క సిలిండరైతే చెయ్యే దూరదు. మెకానిక్‌కి ఫోన్ చేసి, ట్రైటన్‌కి బుష్‌లు వేసిన అలవాటుందా, తీగచుట్టా గట్టి బుషా అని అడుగు. తీగంటే ఫోన్ పెట్టెయ్. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కదా, మిగతా ఏడు ప్లగ్గుల బిగువు కూడా చల్లటి ఇంజన్ మీద చూడమను. హెడ్డు మార్చాలన్న షాపువాణ్ణి ఎందుకో చూపించమను. బోరు చుట్టూ పగులుంటే అతను చెప్పింది నిజమే. అపార్ట్‌మెంట్ పార్కింగులో రిపేర్లు చేయొచ్చో లేదో లీజులో ఉంటుంది, చూసుకో.

ఖర్చు క్రెడిట్ కార్డు మీద గీకి నెలనెలా తీరుద్దామనుకుంటే వడ్డీ నిన్ను మింగేస్తుంది. ఈ నెల ఇంటికి పంపేది తగ్గించి, కారణం నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పు. నీది ఆ రెండు వాల్వుల ఇంజనైతే 14 మిల్లీమీటర్ల ప్లగ్, పిచ్ (త్రెడ్డుకీ త్రెడ్డుకీ మధ్య దూరం) 1.25 అని కూడా చెప్పు, లేత్ షాపాయన ముందు అడిగేది అదే.