అడ్వకేట్‌ జనరల్‌ పదవికి పరీక్ష ఉంటుందా?

ప్రశ్న: గుంటూరులో లా చదువుతున్నాను. అడ్వకేట్‌ జనరల్‌ (ఏజీ, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) కావాలని కోరిక. దానికి పరీక్ష రాయాలా? ముందు జీపీగా (గవర్నమెంట్‌ ప్లీడర్‌, కోర్టులో ప్రభుత్వం తరఫు న్యాయవాది) చేరితే ప్రమోషన్‌ మీద అక్కడిదాకా వెళ్లొచ్చా?

జవాబు: పరీక్షా లేదు, ప్రమోషనూ లేదు. రాజ్యాంగం 165వ అధికరణం కింద గవర్నర్‌ నియమిస్తారు. పేరు ఎంచేది ప్రభుత్వం. హైకోర్టు జడ్జికి ఉండాల్సిన అర్హతే దీనికీ. అంటే హైకోర్టు న్యాయవాదిగానో, న్యాయాధికారిగానో 10 ఏళ్లు. జడ్జీలకున్న 62 ఏళ్ల పరిమితి మాత్రం వర్తించదు. ప్రభుత్వం మారితే ఏజీ రాజీనామా ఇవ్వడం ఆనవాయితీ. శాసనసభలో మాట్లాడవచ్చు, ఓటు ఉండదు.

పట్టా రాగానే బార్‌ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌ అయి, ఆలిండియా బార్‌ పరీక్ష పాసవ్వండి. తర్వాత నేలపాడు హైకోర్టులో రిట్లు (ప్రభుత్వ చర్యల మీద వేసే పిటిషన్లు) బాగా నడిపే సీనియర్‌ దగ్గర చేరండి. అక్కడ ముందు పట్టుబడాల్సిన పని కౌంటరు, అంటే పిటిషన్‌కు ఇచ్చే రాతపూర్వక జవాబు రాయడం. ప్రభుత్వ కేసు చాలాసార్లు దెబ్బతినేది వాదనలో కాదు, కౌంటరులోనే. శాఖ నుంచి పేరాల వారీగా జవాబులు తెప్పించుకోవాలి, జీవో తేదీలు ఫైలుతో సరిచూడాలి. పిటిషనర్‌ ఆరోపణను సూటిగా కాదనకుండా వదిలేస్తే ఒప్పుకున్నట్టే లెక్కపడుతుంది. జీపీగా చేస్తే ఈ పని చేయి తిరుగుతుంది. అంతేగానీ అది ఏజీ పదవికి మెట్టు కాదు.

ప్రశ్న: నాన్నగారి పెన్షన్‌ బకాయిలు 8 వారాల్లో ఇవ్వమని హైకోర్టు చెప్పింది. గడువు దాటినా ఇవ్వలేదు. కోర్టు ధిక్కార కేసుకు ఏజీ గారి అనుమతి కావాలంటున్నారు, నిజమేనా? (విజయవాడ)

జవాబు: మీకు అక్కర్లేదు. 1971 కోర్టు ధిక్కార చట్టం 15వ సెక్షన్‌ అడిగే రాతపూర్వక సమ్మతి క్రిమినల్‌ ధిక్కారానికే, అంటే కోర్టును కించపరిచే రాతలు, విచారణకు అడ్డుపడటం లాంటివాటికి. ఉత్తర్వును కావాలని అమలు చేయకపోవడం సివిల్‌ ధిక్కారం.

ముందుగా హైకోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్‌ కాపీని ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గరుండే ప్రతి మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. ఉత్తర్వులో ‘కాపీ అందిన నాటి నుంచి’ అని ఉంటే 8 వారాల లెక్క ఆ ముద్ర తేదీతోనే మొదలవుతుంది. ముద్ర లేకపోతే ‘మాకు అందనే లేదు’ అంటారు, కేసు అక్కడే ఆగుతుంది. పిటిషన్‌లో హోదా ఒక్కటే రాయకండి. ధిక్కారం మనిషి మీద పడే నేరం కాబట్టి, గడువు తీరిన రోజు ఆ కుర్చీలో ఉన్న అధికారి పేరు ఉండాలి. ఆయన బదిలీ అయి ఉంటే, కొత్తగా వచ్చినవారికీ కాపీ అందించండి. గడువు తీరిన ఏడాదిలోపే వేయాలి. ‘అప్పీలు చేశాం’ అని ఆఫీసులో చెప్తే ఆగిపోవద్దు. అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు, స్టే ఉత్తర్వు కాపీ చూపించమనండి.